పదహారు ప్యాడ్లూ, పాట అందించే టీచర్‌గారూ

పోయిన ఆదివారం కలిదిండి అవతలి నుంచి ఒకాయన వచ్చి నా చేతిలో ఒక కార్డు పెట్టాడు. టీచర్‌గారు పోయారట. జ్ఞాపకార్థ కూడికకు రమ్మని పిలుపు. నల్లటి అంచు, పైన శిలువ, మధ్యలో ఆవిడ ఫొటో. కింద పుట్టిన తేదీ, చదివిన చదువు, ఏయే బడుల్లో పనిచేశారో, ఎప్పుడు రిటైరయ్యారో. అంతే. అది చదివినవాళ్ళు ఆవిడ మనిషి కాదు, సర్వీసు రిజిస్టరు అనుకుంటారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"ఆవిడ పాట అందించేవారని ఒక్క ముక్కైనా వేయలేదేమయ్యా?" అని అడిగాను.

"కార్డులో చోటు చాల్లేదండీ," అన్నాడు ఆయన నెమ్మదిగా.

చోటు చాలలేదట! శిలువ చుట్టూ గులాబీపూలు వేయడానికి మాత్రం బోలెడంత చోటుంది.

అందుకని ఇది రాస్తున్నాను. నేను రచయితను కాను. ఏలూరు పవర్‌పేటలో నలభై ఏళ్ళపాటు రేడియోలు, టేపురికార్డర్లు, ఆంప్లిఫయర్లు బాగుచేసినవాణ్ణి. ఎనిమిదో తరగతిలో బడి మానేసి, మిగతా చదువంతా పాత పుస్తకాల్లోంచీ కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లలోంచీ ఏరుకున్నవాణ్ణి. ఆవిడ పేరు రాయను. పేరు కార్డులో ఉంది. కార్డులో లేనిదే రాస్తాను.

పాట అందించడమంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. కొల్లేటి పక్క పల్లెల్లో చర్చికి వచ్చే ఆడవాళ్ళలో సగానికి సగం మంది చదువురానివాళ్ళు. చేపల చెరువుల మీద కూలికి వెళ్ళేవాళ్ళు, రొయ్యల షెడ్లలో తలలు తీసేవాళ్ళు. పాటల పుస్తకం వాళ్ళ చేతిలో పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. కాబట్టి ముందు నిలబడ్డ మనిషి ఒక వరుస పాడి వినిపించాలి. అది విని అందరూ అదే వరుస పాడతారు. మళ్ళీ తరువాతి వరుస. ఇలా మూరమూరా తాడు వదిలినట్టు పాట మొత్తం ముందు నుంచి వెనక్కి సాగుతుంది. ఆ ముందు నిలబడే మనిషి ఆవిడ. ఊరి బడిలో ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళకీ చదువుకోనివాళ్ళకీ కూడా ఆవిడ "టీచర్‌గారే".

పాటల పుస్తకం ఎప్పుడూ ఆవిడ చంకలోనే ఉండేది. తెరిచి ఉండగా నేను ఒక్కనాడూ చూడలేదు. "పాట పుస్తకంలో ఉండదండీ, పక్కనున్నవాళ్ళ నోట్లో ఉంటది," అనేవారు. కుడిచేతికి మగవాళ్ళ వాచీ పెట్టుకునేవారు. మైకు అంటే అసహ్యం. ఇచ్చినప్పుడు, మొప్పల్లో వేలు దూర్చి కొరమీనును పట్టుకున్నట్టు, ఒంటికి తగలకుండా దూరంగా పట్టుకునేవారు. ఎవరితోనైనా గట్టిగా మాట్లాడవలసి వస్తే ముందు కళ్ళజోడు తీసేసేవారు. ఎందుకండీ అని నేనొకసారి అడిగితే, "ఎదుటివాళ్ళ మొహం కనపడితే జాలేసి ఊరుకుంటానండీ," అన్నారు.

అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు ఇంకొకటి. అందించేటప్పుడు పాడేవాళ్ళ వైపు చూసేవారు కాదు, పాడనివాళ్ళ వైపే చూసేవారు. మొదటిసారి నేను ఆ చర్చికి మైకు సెట్టు రిపేరుకు వెళ్ళాను. ఆరాధన మొదలైపోయింది కదా, అయ్యేదాకా ఆగుదామని ఒక స్తంభం పక్కన కూర్చుని వైరు చుట్టుకుంటున్నాను. నేను ఆ సంఘంవాణ్ణి కాను. ఆ మాటకొస్తే దేవుడితో నాకు వేరే తగువులున్నాయి. అయినా ఆవిడ నన్నే చూశారు. కోపం లేదు, బతిమాలడం లేదు. హాజరు పిలిచి, ఎవరో పలకకపోతే ఆగినట్టు ఆ చూపు. నాలుగో వరుస దగ్గర నా నోరు దానంతటదే తెరుచుకుంది.

రెండు వేల నాలుగో, ఐదో. వేసవి ఇంకా ముదరలేదు. ఒక మధ్యాహ్నం ఆవిడ ఏలూరులో నా షాపుకు వచ్చారు. కౌంటరు మీదికి వంగి, గుసగుసగా, "ఏవండీ, మీతో పనుండి వచ్చానండీ," అన్నారు.

ఏదో గుట్టు విషయం కాబోలనుకున్నాను. అటూ ఇటూ చూసి, నేనూ గొంతు తగ్గించి, "చెప్పండి టీచర్‌గారూ," అన్నాను.

ఆవిడ కళ్ళజోడు తీశారు. "నాకంటే గొంతు పోయింది. మీకేమొచ్చిందండీ?"

మెడ దగ్గర సన్నటి ఆపరేషను గీత అప్పుడు చూశాను. థైరాయిడు. ప్రాణానికి ఇబ్బంది లేదు గానీ గొంతు మాత్రం తిరిగి రాలేదు. మాట గాలిలా వస్తుంది, పాట అసలు రాదు. అందరూ తనతో గుసగుసలే ఆడుతున్నారని ఆవిడ బాధ. "అయ్యగారు కూడానండీ. నిన్న ఆయనా నేనూ గుసగుసలాడుకుంటంటే వాళ్ళావిడ కిటికీలోంచి తొంగి చూసింది." ఇలా చెప్పి భుజాలు అదిరేలా, చప్పుడు లేకుండా నవ్వారు. అయ్యగారంటే వాళ్ళ పాస్టరుగారు.

నవ్వు ఆగాక సంగతి చెప్పారు. రెండు నెలలుగా చర్చిలో పాట ఈడుస్తోంది. చదువుకున్న నలుగురూ పుస్తకం చూసి పాడుకుంటున్నారు. చాపల మీద ఆడవాళ్ళు నోరు మూసుకుని కూర్చుంటున్నారు. మైకు సెట్టు కొనిచ్చిన సంఘ పెద్ద ఒకాయన, గుడ్ ఫ్రైడే నుంచి క్యాసెట్టు పెట్టి పాడిద్దామన్నాడట. ఆయన చెడ్డవాడని నేను అనను. పాట ఆగిపోకూడదన్న తాపత్రయమే ఆయనది. కానీ ఆవిడకది కొరుకుడు పడలేదు.

"క్యాసెట్టు ఎవరి కోసమన్నా ఆగుద్దాండీ? చంటిదాన్ని సర్దుకునే తల్లి కోసం ఆగుద్దా? మాటలు తెలీనోళ్ళ కోసం ఆగుద్దా? దాని దారిన అది పాడుకుంటా పోద్ది. వీళ్ళు వింటా కూచుంటారు. రెండు నెలలకి పాటే మర్చిపోతారు."

"పోనీ, ఇంకెవరైనా అందించొచ్చు కదండీ?"

"చూశానండీ. ఒకామెకి పాట వచ్చు, ధైర్యం లేదు. ఇంకొకాయనకి ధైర్యం ఒక్కటే వచ్చు."

సంచిలోంచి ఒక క్యాసెట్టు తీసి కౌంటరు మీద పెట్టారు. రెండేళ్ళ కిందట, ఆపరేషనుకు ముందు, బడిపిల్లలకు పాటలు నేర్పుతూ రికార్డు చేసుకున్నది. ముందు ఆవిడ ఒక వరుస అందిస్తారు, తరువాత పిల్లలతో కలిసి అదే పాడతారు. "ఇందులో నా గొంతుంది. నేను ఎప్పుడు చెబితే అప్పుడు ఒక్క వరుస పాడి ఆగేలాగ చేసిపెట్టగలరా?" అన్నారు. అది అడగడానికే ఆవిడ రెండు బస్సులు మారి వచ్చారు.

చేయగలను. ఆ సంగతి ఆవిడకు తెలియదు, నాకు తెలుసు. తాడేపల్లిగూడెం ఆర్కెస్ట్రా ఆయనొకడు ఒక శాంప్లరు నా దగ్గర పడేసి వెళ్ళి అప్పటికి ఏడాది దాటింది. హార్మోనియం పెట్టెలో సగం ఉంటుంది. మీద పదహారు రబ్బరు ప్యాడ్లు, పైన చిన్న తెర. ఏ చప్పుడైనా అందులోకి ఎక్కించి, కావలసిన చోట ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క ఒక్కో ప్యాడుకు ఇచ్చుకోవచ్చు. ప్యాడు నొక్కితే ఆ ముక్క పలికి ఆగుతుంది. అతను డోలు, డప్పు, సన్నాయి అన్నీ ఎక్కించుకున్నాడు. "కొట్టినప్పుడల్లా టక్కుటక్కుమంటందండీ. పెళ్ళిళ్ళలో పరువు పోతంది," అని విసుగుపుట్టి వదిలేశాడు. మళ్ళీ రాలేదు.

టీచర్‌గారు గుడ్ ఫ్రైడేకి ఎన్నుకున్న పాటకు సరిగ్గా పదహారు వరుసలు. దేవుడితో తగువుంది కాబట్టి అది ఆయన ఏర్పాటని ఒప్పుకోను గానీ, నాకు హుషారు పుట్టిన మాట నిజం. చెవితో విని, మాట మొదలైన చోట ఒక కోత, మాట అయిపోయిన చోట ఒక కోత. ఒక్క రోజులో పదహారు ముక్కలూ కోసేశాను. ఆదివారం మిషను భుజాన వేసుకుని వెళ్ళాను.

అక్కడ నా పరువూ పోయింది. ఆవిడ ప్యాడు నొక్కారు. 'టక్'మని ఒక దెబ్బ, ఆపైన ఆవిడ పాత గొంతు, ఆ చివర మళ్ళీ 'టక్'. పదహారు వరుసలకు ముప్పై రెండు టక్కులు. మైకు సెట్టులో పడేసరికి ఒక్కోటీ కొబ్బరికాయ కొట్టినట్టుంది. ఆడవాళ్ళు పాడారు, కాదనను. కానీ ముందు వరుసలో మగవాళ్ళు ఒకరి మోకాలు ఒకరు గిల్లుకున్నారు. ఆరాధన అయ్యాక మైకు సెట్టు పెద్దాయన నా దగ్గరికి వచ్చాడు.

"ఏవండీ మెకానిక్‌గారూ, టీచర్‌గారికి పళ్ళసెట్టు కూడా మీరే పెట్టారాండీ?"

ఇంటికి వెళుతూ ఆవిడ, "అది నా గొంతే గానీ, నన్నెవరో వెనకనుంచి తడతన్నట్టుందండీ," అన్నారు. ఆ మాట నన్ను నిద్రపోనివ్వలేదు.

చప్పుడు వచ్చిందంటే ఎక్కడో జాయింటు వదిలిందనుకోవడం నా వృత్తి జబ్బు. మిషను విప్పాను. పదహారు ప్యాడ్ల కాంటాక్టులూ తుడిచాను. పదహారింటికీ సాల్డరింగు మళ్ళీ పెట్టాను. అనుమానం ఉన్న కెపాసిటర్లన్నీ మార్చాను. మూసి నొక్కితే, టక్. మళ్ళీ విప్పాను. ఒక వారం ఇలాగే పోయింది. బెజవాడలో ఒక స్టూడియో ఇంజనీరుకు ఫోను చేశాను, పెద్ద డిగ్రీ ఉన్నవాడు. "పాత మిషనండీ, అంతే. కొత్తది కొనుక్కోండి," అని పెట్టేశాడు. ఇంత చదువు చదివి చెప్పగలిగింది 'అంతే'! ఆ కోపమే నాకు మేలు చేసింది. మిషనుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, ఒక డిక్షనరీ పక్కపక్కన పెట్టుకుని, మాట మాటా వెతుక్కుంటూ చదివాను. మూడో రోజుకు తలకెక్కింది. తప్పు మిషనుది కాదు. నా కోతది.

అది టీచర్‌గారికి వివరించబోతే ఆవిడే నాకు వివరించారు. షాపులో కూర్చోబెట్టి తెర చూపించాను. "ఇదిగోండి, చప్పుడంటే ఇలా పైకీ కిందికీ ఊగే అల. మధ్యలో ఈ గీత నిశ్శబ్దం. అల పైన ఉన్నప్పుడు కోశామనుకోండి, స్పీకరు అట్ట సున్నా నుంచి ఒక్కసారి అంతెత్తుకు ఎగరాలి. ఆ ఎగురుడే టక్కు. చివర కోసినా అంతే, అంతెత్తు నుంచి కిందపడుతుంది."

ఆవిడ కాసేపు తెర వైపు చూసి, "దోనెలోకి దిగడమేగా," అన్నారు.

"ఏంటండీ?"

"తాటిదోనె గట్టు పక్కన ఊగతా ఉంటది. పైకి లేచినప్పుడు అడుగేస్తే మోకాలు అదిరిపోద్ది. గట్టుకి సమంగా వచ్చినప్పుడు వేస్తే చప్పుడుండదు. మీరు చూడకుండా దిగుతున్నారు."

నలభై ఏళ్ళు స్పీకర్లు విప్పినవాణ్ణి. కొల్లేట్లో పుట్టిన మనిషికి అది చూపు ఆనగానే తెలిసిపోయింది. కొంచెం ఉక్రోషం వచ్చిన మాట నిజమే.

ఇక పని మొదలైంది. ప్రతి కోతా, అల మధ్య గీతను దాటే చోటికి జరపాలి. తెర చిన్నది, నా కళ్ళు పాతవి. భూతద్దం పెట్టుకుని, ముల్లు తీసినట్టు ఒక్కొక్కటీ జరిపాను. దానికి తోడు మొదట్లో చప్పుడు మెల్లగా తెరుచుకునేలా, చివర మెల్లగా మూసుకునేలా కాస్త వాలు పెట్టుకోవచ్చని పుస్తకంలో ఉంది. ఆశకొద్దీ వాలు ఎక్కువ పెట్టాను. ఆవిడ పాటలో మొదటి అక్షరాలు మింగేసినట్టు పోయాయి. "పళ్ళసెట్టు పోయి బోసినోరు వచ్చిందండీ," అన్నారు. తగ్గించాను. సెకనులో వెయ్యో వంతులు నాలుగైదు ఉంటే చాలునని తేలింది. టక్కు పోయింది, అక్షరం మిగిలింది. పదిహేను ప్యాడ్లు నీళ్ళలా పలికాయి.

పదకొండో వరుస ఒక్కటే మొండికేసింది. క్యాసెట్టులో ఆ వరుస చివర ఒక పిల్ల తొందరపడి, టీచర్‌గారి ఆఖరి మాట మీదనే ఎత్తేసుకుంది. అక్కడ నిశ్శబ్దమన్నది లేదు. రెండు గొంతులు కలిసి ఊగుతున్న చోట ఎక్కడ కోసినా అడుగు తప్పుతుంది. గీత దాటే చోటు వెతికి, చివర వాలు కాస్త పెంచి, ఎలాగో సర్దాను. షాపులో పదిసార్లు నొక్కితే తొమ్మిదిసార్లు బాగానే ఉన్నట్టుంది, ఒకసారి ఉందో లేదో అనుమానం.

మట్టల ఆదివారం మళ్ళీ వెళ్ళాను. అంటే గుడ్ ఫ్రైడే ఇంకా ఐదు రోజులు. ఈసారి ముప్పై రెండు టక్కుల్లో ఒక్కటీ లేదు. ఆవిడ మొదటి ప్యాడు నొక్కారు. ఆ గొంతు, రెండేళ్ళ కిందటి నిండు గొంతు, చర్చి నిండా పాకి నిలిచింది. నేను స్పీకరు వెనక నిలబడి మీసం దువ్వుకున్నాను. వరుస అయిపోయింది.

ఎవరూ పాడలేదు.

పై ఫ్యాను తిరిగే చప్పుడు వినిపించింది. చాపల మీద ఆడవాళ్ళందరూ మెడలు సాచి మిషను వైపు చూస్తున్నారు. ఆవిడ మళ్ళీ నొక్కారు. మళ్ళీ అదే. మూడోసారికి ముందు కూర్చున్న ఒకామె ఉండబట్టలేక అడిగేసింది.

"టక్కు రాలేదేంటండీ టీచరమ్మగారూ? మేం దానికోసమే చూస్తన్నాం."

"ఏం టక్కమ్మా?" అని నేను స్పీకరు వెనక నుంచే అరిచాను. చర్చి అని కూడా మరిచిపోయాను.

"అదేనండీ, మొన్న వచ్చిందిగా. టక్కుమనగానే ఎత్తుకున్నాం గదండీ అందరం. ఎంత బాగా కుదిరిందీ!" పక్కనున్నామె కూడా తలూపింది. "ఆయ్, టక్కు ఉంటేనే బాగుందండీ."

మూడు వారాలు! కళ్ళు పోగొట్టుకుని, పుస్తకాలు చదివి, వేళ్ళు కాల్చుకుని తీసేసిన చప్పుడును వీళ్ళు పాటలో భాగం చేసుకున్నారు. అదీ ఒకే ఒక్క ఆదివారంలో. టీచర్‌గారు మాత్రం నవ్వుతున్నారు. ఆ చప్పుడు లేని నవ్వు, భుజాలు కదులుతున్నాయి, కళ్ళవెంట నీళ్ళు.

మైకు సెట్టు పెద్దాయన ఆరాధన అయ్యేదాకా ఆగి మర్యాదగానే చెప్పాడు. "శుక్రవారం మూడు గంటల ఆరాధనండీ. పక్కూళ్ళ నుంచి కూడా వస్తారు. ఇంక ప్రయోగాలొద్దు, క్యాసెట్టు పెట్టేద్దాం."

ఆవిడ కళ్ళజోడు తీశారు. "ఒక్క పాట ఇవ్వండి. ఆ ఒక్కటి నడిచిందా, ఇక నుంచీ నేనే అందిస్తాను. నడవలేదా, మీ క్యాసెట్టుకి బటను నేనే నొక్కుతాను. మళ్ళీ ముందుకొచ్చి నిలబడను."

ఆయన సరేనన్నాడు. అయ్యగారు అది విని తల దించుకున్నారు. ముప్పై ఏళ్ళుగా ఆవిడ నిలబడిన చోటు అది.

అందరూ వెళ్ళాక చర్చి మెట్ల మీద కూర్చున్నాం. నాకు సిగ్గుగానూ కోపంగానూ ఉంది. "పోనీ, చివర టక్కు మళ్ళీ పెట్టేస్తానండీ. అంత ముద్దొస్తే అదే వినమనండి," అన్నాను.

"వద్దండీ. టక్కుంటే అది చెప్పినప్పుడు ఎత్తుకుంటారు. అదీ క్యాసెట్టు లాంటిదే. ఎవరి కోసం ఆగదు." వెనక్కి తిరిగి లోపల ఖాళీ చాపల వైపు చూసి, "అసలు ఇన్నేళ్ళూ దేన్ని చూసి ఎత్తుకున్నారండీ వీళ్ళు? ఆ క్యాసెట్టు ఒకసారి వేయండి," అన్నారు.

చిన్న టేపురికార్డరులో వేశాను. ఆవిడ గొంతు ఒక వరుస అందించింది. తరువాత పిల్లలు. "వెనక్కి తిప్పండి." మళ్ళీ వేశాను. "ఆపండి. ఇక్కడ." వేలు పైకి లేపారు. మూడోసారికి గానీ నా చెవికి అందలేదు. వరుస అయ్యాక, పిల్లలతో కలిసి ఎత్తుకునే ముందు, ఆవిడ ఊపిరి తీస్తున్నారు. సన్నటి చప్పుడు, పంపు గొట్టంలోకి గాలి వెళ్ళినట్టు. ఆ వెంటనే పిల్లలందరూ ఒక్కసారిగా ఎత్తుకుంటున్నారు. ఒక్క వరుసలో కూడా తప్పలేదు, ఆ తొందరపడ్డ పిల్ల తప్ప.

నేను కోసేటప్పుడు అదంతా పనికిరాని చెత్త అనుకుని తీసిపారేశాను. మాటను పట్టుకున్నాను, ఊపిరిని వదిలేశాను. మొదటి ఆదివారం ఆ ఊపిరి ఉండవలసిన చోటే నా టక్కు పడింది. ఆడవాళ్ళు దాన్నే ఊపిరనుకున్నారు పాపం.

"నా పాట వినేసి ఎత్తుకుంటున్నారనుకున్నాను ఇంతకాలం," అన్నారావిడ, తనలో తను.

నేను లేచి నిలబడ్డాను. "అయితే గొడవే లేదండీ. ప్రతి ముక్కకూ చివర ఆ ఊపిరి కూడా కలిపి కోసేస్తాను. నాలుగు రోజులు చాలు."

ఆవిడ నా వైపు జాలిగా చూశారు. కళ్ళజోడు ఉంది మరి.

"ఎందుకండీ అంత శ్రమ? గొంతే గదా పోయింది. ఊపిరి నా దగ్గరే ఉంది."

గుడ్ ఫ్రైడే నాడు ఎండ భగ్గుమంటోంది. చర్చి నిండి, బయట టెంటు కింద కూడా జనం. కరెంటు పోతే మిషనులో ఎక్కించిందంతా తుడిచిపెట్టుకు పోతుంది, ఫ్లాపీలోంచి మళ్ళీ ఎక్కించేసరికి రెండు పాటలు అయిపోతాయి. అందుకని ట్రాక్టరు బ్యాటరీ ఒకటి, ఇన్వర్టరు ఒకటి మోసుకొచ్చి పెట్టాను. ఆవిడ తెల్లచీర కట్టుకుని వచ్చి మిషను ముందు నిలబడ్డారు. మైకును మాత్రం ఈసారి దూరంగా పట్టుకోలేదు. నోటికి ఆనించుకున్నంత దగ్గరగా పెట్టించుకున్నారు.

మొదటి ప్యాడు నొక్కారు. పాత గొంతు మొదటి వరుస పలికి, చప్పుడు చేయకుండా ఆగింది. చాపల మీద మెడలు మళ్ళీ సాగాయి. ఆవిడ ఒకసారి అందరినీ చూశారు. అప్పుడు మైకులో ఊపిరి తీశారు. అది నేను నా జీవితంలో విన్న ఊపిర్లన్నిటిలోకీ పెద్దది. టెంటు కింద వాళ్ళకు కూడా వినిపించింది. అందరూ ఒక్కసారిగా ఊపిరి తీసుకున్నారు, ఒక్కసారిగా ఎత్తుకున్నారు.

నేను సంతోషపడలేదు. పదకొండో వరుస ఇంకా రావాలి. వేళ్ళు లెక్కపెట్టుకుంటూ స్పీకరు వెనక నిలబడ్డాను. ఏడు. ఎనిమిది. మైకు సెట్టు పెద్దాయన చేతులు కట్టుకుని వింటున్నాడు. తొమ్మిది. పది. ఆవిడ వేలు పదకొండో ప్యాడు మీద పడింది. నేను కళ్ళు మూసుకున్నాను. వరుస సాగింది, ఆఖరి మాట వచ్చింది, ఆ తొందరపాటు పిల్ల గొంతు ఇలా తగిలీ తగలనట్టు తగిలి, వాలులో పడి జారిపోయింది. టక్కు లేదు.

కానీ ఊపిరి కూడా లేదు.

కళ్ళు తెరిచాను. ఆవిడ ఊపిరి తీయడం లేదు. వెనక గోడవార ఒక ముసలామె దగ్గుతోంది. పీతలు పట్టీ పట్టీ వేళ్ళు వంకర తిరిగిపోయిన మనిషి. దగ్గు తెర ఒకదాని వెనక ఒకటి వస్తోంది, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, పక్కామె వీపు నిమురుతోంది. టీచర్‌గారు ఆమె వైపే చూస్తున్నారు. ఎప్పుడూ చూసే ఆ చూపే, హాజరు పిలిచి ఆగిన చూపు. తొందర లేదు. మైకు సెట్టు పెద్దాయన వెనక్కి తిరిగి చూసి, మళ్ళీ ఆవిడ వైపు చూసి, కట్టుకున్న చేతులు విప్పేశాడు. అంత జనమూ నోళ్ళు సగం తెరిచి ఆగి ఉన్నారు. ఏ యంత్రం ఆగుతుంది అలాగ?

ముసలామె దగ్గు తగ్గింది. కొంగు తీసింది. సిగ్గుపడుతూ తల పైకెత్తింది.

అప్పుడు టీచర్‌గారు ఊపిరి తీశారు. మొత్తం చర్చి తీసింది. పదకొండో వరుస ఆ వెనక గోడ దగ్గర నుంచే మొదలైందా అన్నంత గట్టిగా లేచింది. నేను స్పీకరు వెనక నేల మీద చతికిలబడిపోయాను. మిగిలిన ఐదు వరుసలూ అక్కడే కూర్చుని పాడాను.